‘ఫర్వాలేదు’ అంటే సాయం తగ్గిపోతుంది!

పెద్దవాళ్లకు జబ్బు చేస్తే ఆసుపత్రిలో వైద్యం దొరుకుతుంది. గండం గడుస్తుంది. ఇంటికి పంపిస్తారు. అసలు కష్టం ఆ తర్వాతే మొదలవుతుంది. మంచం మీంచి లేపేదెవరు? స్నానం చేయించేదెవరు? రాత్రి రెండు గంటలకు మూత్రానికి లేస్తే పట్టుకునేదెవరు? ఈ పనులకు మాత్రలుండవు, ఇంజెక్షన్లుండవు. మనుషులు కావాలి.

ఈ అవసరాన్ని కొలిచి, రాసిపెట్టి, సాయం ఏర్పాటు చేసే బాధ్యతను ఇంగ్లండ్‌లో చట్టం స్థానిక కౌన్సిళ్ల మీద పెట్టింది. మన మున్సిపాలిటీల్లాంటివే అవి. అంతా సవ్యంగా జరిగితే ఇదొక మంచి ఏర్పాటు. కానీ ‘మా నాన్నగారి పరిస్థితిని సరిగా అంచనా వెయ్యలేదు’, ‘అమ్మకు ఇచ్చే గంటలు తగ్గించేశారు’ అనే ఫిర్యాదులు అక్కడ తరచూ వస్తుంటాయి. ఇది మనకెందుకు అనుకోవద్దు. 1960, 70 దశకాల్లో ఇక్కడి నుంచి ఇంగ్లండ్ వెళ్లి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రుల్లో జీవితమంతా పనిచేసిన తెలుగు డాక్టర్లు ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. తర్వాత వెళ్లి స్థిరపడినవాళ్లూ ఆ వయసుకు చేరుతున్నారు. వాళ్ల తోబుట్టువులు, మేనల్లుళ్లు ఇక్కడ మన ఇళ్లలో ఉన్నారు. అన్నిటికీ మించి, ఆ ఫిర్యాదులు నేర్పే పాఠం పెద్దవాళ్లున్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది. అదేమిటంటే... అవసరాన్ని ఎలా రాస్తే సాయం అలాగే వస్తుంది!

చికిత్స వేరు... సంరక్షణ వేరు

ఇంగ్లండ్‌లో వైద్యమంతా ఉచితం కాబట్టి ముసలితనంలో చూసుకోవడం కూడా ఉచితమేనని చాలామంది పొరబడతారు. అక్కడ ఈ రెండూ మొదట్నుంచీ వేర్వేరు దారులు. 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్ మొదలైంది. డాక్టరు, ఆసుపత్రి దాని పని. అదే రోజు అమల్లోకి వచ్చిన మరో చట్టం వృద్ధులు, వికలాంగుల బాగోగులను కౌన్సిళ్లకు అప్పగించింది. వైద్యానికి ఆస్తిపాస్తులు చూడరు. సంరక్షణకు మాత్రం చూస్తారు. ఈ తేడా నేటికీ ఉంది.

ఇప్పుడు అమల్లో ఉన్నది 2014 నాటి ‘కేర్ యాక్ట్’. 2015 ఏప్రిల్ నుంచి అమలవుతోంది. ఇది ఇంగ్లండ్‌కే. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో వేరే చట్టాలున్నాయి. ఒక వ్యక్తికి సాయం అవసరమై ఉండొచ్చని కనిపిస్తే చాలు, కౌన్సిల్ అతని అవసరాలను అంచనా వేసి తీరాలి. దీన్నే ‘నీడ్స్ అసెస్‌మెంట్’ అంటారు. ‘మీకు డబ్బుంది కదా, మీ ఏర్పాట్లు మీరే చూసుకోండి’ అని అసెస్‌మెంటే చెయ్యకుండా పంపించెయ్యడానికి వీల్లేదు. డబ్బు లెక్క తర్వాతి మెట్టు. ఆ మెట్టులో 23,250 పౌండ్లకు మించి పొదుపు, పెట్టుబడులు ఉన్నవారు మామూలుగా ఖర్చంతా తామే భరించుకోవాలి. 14,250 పౌండ్లకు లోపుంటే ఆ సొమ్మును లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో ఉండే సాయం పొందేవారి విషయంలో సొంతిల్లు ఈ లెక్కలోకి రాదు. కేర్ హోమ్‌కు శాశ్వతంగా మారితే రావచ్చు. భార్య గానీ భర్త గానీ ఆ ఇంట్లోనే ఉంటుంటే అప్పుడూ రాదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక తిరిగి తన పనులు తాను చేసుకునేలా తర్ఫీదు ఇచ్చే సేవ కూడా ఉంది. దీన్ని ‘రీ-ఏబుల్‌మెంట్’ అంటారు. ఆరు వారాల వరకూ దీనికి రుసుము వసూలు చెయ్యకూడదు. అవసరం ప్రధానంగా వైద్యపరమైనదే అయితే ‘కంటిన్యూయింగ్ హెల్త్‌కేర్’ కింద మొత్తం ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్సే పెట్టుకుంటుంది. దాని పరీక్ష వేరు. మంచాన పడి, ఎన్నో సమస్యలున్న రోగి విషయంలో ‘ఆ పరీక్ష చేశారా?’ అని అడగటం మర్చిపోకూడదు.

పది పనులు... ఒక ప్రశ్న

అసెస్‌మెంట్‌లో జబ్బు పేరు కన్నా రోజువారీ బతుకును ఎక్కువగా చూస్తారు. చట్టం పది అంశాలు చెబుతోంది. వండుకుని తినగలగటం, ఒంటి శుభ్రత, మలమూత్ర విసర్జన, తగిన బట్టలు వేసుకోవటం, ఇంట్లో ప్రమాదం లేకుండా తిరగటం, ఇంటిని నివాసయోగ్యంగా ఉంచుకోవటం, నలుగురితో సంబంధాలు నిలుపుకోవటం, ఉద్యోగం-చదువు-స్వచ్ఛంద సేవ వంటివాటిలో పాల్గొనటం, బస్సు వంటి స్థానిక సదుపాయాలను వాడుకోవటం, పిల్లల బాధ్యత ఉంటే దాన్ని నెరవేర్చటం.

శారీరక లేక మానసిక సమస్య వల్ల వీటిలో కనీసం రెండు చెయ్యలేకపోతూ, దానివల్ల జీవితం మీద గట్టి ప్రభావం పడుతుంటే ఆ వ్యక్తి సాయానికి అర్హుడు.

ఇక్కడే కీలకమైన ప్రశ్న వస్తుంది. ‘చెయ్యలేకపోవటం’ అంటే ఏమిటి? బొత్తిగా కదల్లేకపోవటమే అనుకుంటాం మనం. చట్టం అలా అనలేదు. ఎవరో ఒకరు సాయం చేస్తే తప్ప చెయ్యలేకపోయినా, ఒంటరిగా చేస్తే తీవ్రమైన నొప్పి, ఆందోళన కలుగుతున్నా, చేస్తే పడిపోయే ప్రమాదం ఉన్నా, మామూలు కన్నా చాలా ఎక్కువ సమయం పడుతున్నా... అన్నీ ‘చెయ్యలేకపోవటం’ కిందికే వస్తాయి. కీళ్లవాతంతో చొక్కా గుండీలు పెట్టుకోవటానికి ముప్పావుగంట పట్టే పెద్దాయన ‘నా బట్టలు నేనే వేసుకుంటాను’ అంటే అది నిజమే. కానీ సగం నిజం. మిగతా సగం చెప్పకపోతే ఆ గడిలో ‘సాయం అక్కర్లేదు’ అని పడుతుంది.

ఒక వాక్యం మారితే...

రాసే మాటకు ఎంత విలువ ఉంటుందో చెప్పే కేసొకటి బ్రిటన్ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎలైన్ మెక్‌డొనాల్డ్ స్కాటిష్ బ్యాలే బృందంలో ఒకప్పటి ప్రధాన నర్తకి. 1999లో పక్షవాతం వచ్చి నడక కష్టమైంది. మూత్రాశయ సమస్య వల్ల రాత్రుళ్లు రెండు మూడుసార్లు లేవాల్సి వచ్చేది. మూత్రం మీద అదుపు తప్పలేదు. లేచి కమోడ్ కుర్చీ దాకా వెళ్లటానికి మనిషి సాయం కావాలి, అంతే. 2006లో పడి తుంటి విరిగింది. ఆ తర్వాత లండన్‌లోని కెన్సింగ్టన్-చెల్సీ కౌన్సిల్ రాత్రి మనిషిని ఉంచుకోవటానికి డబ్బిచ్చింది.

2008లో కౌన్సిల్ మనసు మార్చుకుంది. రాత్రి మనిషి అక్కర్లేదు, పెద్దవాళ్ల ప్యాడ్లు వాడుకుంటే చాలంది. దానివల్ల ఏడాదికి దాదాపు 22 వేల పౌండ్లు మిగులుతాయి. ‘నాకు అదుపు ఉండగా పడక మీదే మూత్రం పొయ్యమంటారా? ఇది నా గౌరవానికి భంగం’ అన్నది ఆమె వాదన.

ఇక్కడ చిక్కంతా కాగితం మీదుంది. 2008 జులై నాటి అసెస్‌మెంట్‌లో ఆమె అవసరాన్ని ‘రాత్రిపూట కమోడ్ వాడుకోవటానికి సాయం’ అని రాశారు. అలా రాస్తే జవాబు ఒక్కటే, మనిషి. కౌన్సిల్ ఆ తర్వాత దాన్ని ‘రాత్రిపూట మూత్రవిసర్జన సురక్షితంగా జరగటం’ అన్నట్టు చూసింది. అలా చూస్తే ప్యాడ్లు కూడా సరిపోతాయి! 2009 నవంబరు, 2010 ఏప్రిల్‌లలో జరిగిన ప్లాన్ సమీక్షలను కొత్త అసెస్‌మెంట్‌తో సమానంగా భావించవచ్చంటూ 2011 జులైలో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యతతో కౌన్సిల్‌ను సమర్థించింది. అయిదో న్యాయమూర్తి లేడీ హేల్ ఒప్పుకోలేదు. అదుపు ఉన్న మనిషిని లేనట్టుగా చూడటం హేతుబద్ధం కాదన్నారామె.

కేసు యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళ్లింది. 2014 మేలో తీర్పు వచ్చింది. 2008 నవంబరు నుంచి 2009 నవంబరు వరకు, అంటే దాదాపు ఏడాదిపాటు, కౌన్సిల్ తాను రాసిన అసెస్‌మెంట్‌కే విరుద్ధంగా నడుచుకుందని, అంతవరకు ఆమె వ్యక్తిగత జీవిత హక్కుకు భంగం కలిగిందని కోర్టు చెప్పింది. పరిహారం వెయ్యి యూరోలు. సమీక్ష తర్వాతి కాలానికి మాత్రం ఆమె వాదన నిలవలేదు. మొదటి కాగితం ఆమెను ఆదుకుంది, తర్వాతి కాగితం వదిలేసింది.

ఇదంతా పాత చట్టాల కింద నడిచిన కేసు. అయినా పాఠం పాతబడలేదు. వైద్యుడిగా నాకు ఇందులో మరో సంగతీ కనిపిస్తుంది. అదుపు ఉన్నవారికి కేవలం సౌకర్యం కోసం ప్యాడ్లు వేస్తే కొన్నాళ్లకు మరుగుదొడ్డికి వెళ్లే అలవాటు పోతుంది. తడి తగులుతూ చర్మం ఒరిసిపోతుంది, పడక పుండ్లకు దారి ఏర్పడుతుంది. లేవటం తగ్గేకొద్దీ కాళ్ల కండరాలు కరిగిపోతాయి. మూత్రం వస్తుందేమోనని నీళ్లు తాగటం మానేసేవాళ్లూ ఉంటారు. దాంతో మలబద్ధకం, ఇన్ఫెక్షన్లు, అయోమయం. మిగిలిందనుకున్న ఖర్చు మరో రూపంలో ఆసుపత్రికి చేరుతుంది. ప్యాడ్లు అవసరమైనవాళ్లకు అవి వరమే. అవసరం లేనివారికి మాత్రం కాదు.

పేచీ ఎక్కడెక్కడ?

అసెస్‌మెంట్, ప్లానింగ్‌ల మీద వచ్చే ఫిర్యాదులు ఎక్కువగా కొన్ని చోట్లే ముడిపడతాయి.

ఆలస్యం: చట్టంలో ఇన్ని రోజుల్లో పూర్తిచెయ్యాలన్న గడువు లేదు. సహేతుకమైన సమయంలో జరగాలి. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు సబబని అక్కడి అంబుడ్స్‌మన్ భావిస్తుంటారు. పరిస్థితి అత్యవసరమైతే అసెస్‌మెంట్ పూర్తికాకముందే సాయం ఇచ్చే అధికారం కౌన్సిల్‌కు ఉంది. ఆ సంగతి గుర్తుచేసి అడగాలి.

‘ఇంట్లో కోడలుందిగా!’: మన కుటుంబాలకు ఎక్కువగా తగిలే దెబ్బ ఇదే. ఇంట్లోవాళ్లు చేస్తున్న సాయాన్ని పక్కనపెట్టి అసలు అవసరమెంతో ముందు రాయాలన్నది నిబంధన. అందులో ఇంట్లోవాళ్లు ఎంత చెయ్యగలరు, ఎంతవరకు ఇష్టపడుతున్నారు అన్నది తర్వాత చూడాలి. ఆసియా కుటుంబాలు తమవాళ్లను తామే చూసుకుంటాయనే ఊహతో గంటలు తగ్గించటం సరికాదు.

సమీక్ష పేరుతో కోత: కేర్ ప్లాన్‌ను కనీసం ఏడాదికోసారి సమీక్షించాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. సమీక్షంటే కోత అని అర్థం కాదు. అవసరం తగ్గిందని చూపించకుండా గంటలు తగ్గిస్తే ‘ఆవిడ పరిస్థితిలో ఏం మారింది?’ అని అడగొచ్చు.

బడ్జెట్ చాలకపోవటం: ప్లాన్‌తోపాటు ‘పర్సనల్ బడ్జెట్’ చెబుతారు. కావాలంటే ఆ సొమ్మును నేరుగా తీసుకుని మనమే మనిషిని పెట్టుకోవచ్చు. అర్హమైన అవసరాలు తీరటానికి ఆ సొమ్ము చాలాలి. ఆ రేటుకు ఆ ఊళ్లో మనుషులు దొరక్కపోతే ఆ సంగతి రాతపూర్వకంగా తెలపాలి.

మంచి రోజును చూసి రాయటం: పార్కిన్సన్స్, డిమెన్షియా, గుండె వైఫల్యం వంటి జబ్బుల్లో ఒకరోజున్నట్టు మరో రోజు ఉండదు. పొద్దున మాత్ర పనిచేస్తున్నప్పుడు నడిచే మనిషి మధ్యాహ్నానికి కుర్చీలోంచి లేవలేడు. అందుకే హెచ్చుతగ్గులున్న జబ్బుల్లో కొంతకాలం పరిస్థితిని లెక్కలోకి తీసుకోవాలని నిబంధన ఉంది.

చూసుకునేవారికీ హక్కుంది

చట్టంలో నాకు బాగా నచ్చిన అంశం ఇది. పెద్దవాళ్లను చూసుకుంటున్న భార్య, కొడుకు, కోడలు కూడా తమకు విడిగా అసెస్‌మెంట్ చెయ్యమని అడగొచ్చు. వాళ్ల నిద్ర, ఆరోగ్యం, ఉద్యోగం ఏమవుతున్నాయో చూడాలి. డిమెన్షియా రోగిని తీసుకొచ్చిన భార్యకు బీపీ చూస్తే చాలాసార్లు రోగికంటే ఆమెదే ఎక్కువుంటుంది. నడుంనొప్పి, నిద్రలేమి, దిగులు... అడిగితే తప్ప చెప్పరు. ఆమె కూలబడితే ఇద్దరూ మంచమెక్కుతారు. కాబట్టి ఇది స్వార్థం కాదు, సంరక్షణలో భాగమే.

ఆ రోజుకు ముందు...

అసెస్‌మెంట్‌కు సోషల్ వర్కర్ వస్తున్నారంటే మన పెద్దవాళ్లు ఏం చేస్తారు? ఇల్లు సర్దిస్తారు. మంచి బట్టలు కట్టుకుంటారు. ‘ఎలా ఉన్నారు?’ అంటే ‘ఫర్వాలేదండీ’ అంటారు. స్నానం సంగతి అడిగితే సిగ్గుపడి ‘నేనే చేసుకుంటాను’ అంటారు. పరాయి మనిషి ముందు మలమూత్రాల గురించి మాట్లాడటం మన మర్యాదకు ఇబ్బంది. కానీ ఆ గంటసేపు పడే మొహమాటం తర్వాత ఏడాదంతా వెంటాడుతుంది. అందుకని...

* వారం రోజులు డైరీ రాయండి. రాత్రి ఎన్నిసార్లు లేచారు, ఎవరు లేపారు, ఎన్నిసార్లు తూలారు, భోజనానికి ఎంతసేపు పట్టింది... అన్నీ సమయంతో సహా.

* పది అంశాల్లో ఒక్కోదానికీ ‘ఎవరూ లేకపోతే ఏమవుతుంది?’ అనే ప్రశ్నకు జవాబు రాసుకోండి.

* ‘నడవలేరు’ అని వదిలెయ్యకండి. ‘మంచం నుంచి బాత్రూమ్‌కు పది అడుగులు. ఒక మనిషి పట్టుకోవాలి. గత నెలలో రెండుసార్లు పడ్డారు’ అని మీ ఇంట్లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

* తెలుగు తప్ప రాని పెద్దవాళ్లకు దుబాసీ కావాలని ముందే కోరండి. కొడుకు ముందు తల్లి చెప్పుకోలేనివి చాలా ఉంటాయి.

* ప్రక్రియను అర్థం చేసుకోవటం బాగా కష్టమయ్యేవారికి అండగా నిలిచే తగిన మనిషి ఎవరూ లేకపోతే స్వతంత్ర ‘అడ్వొకేట్’ను కౌన్సిల్ ఏర్పాటు చెయ్యాలి.

* అసెస్‌మెంట్ ప్రతి తీసుకుని చదవండి. తప్పుంటే వెంటనే ఈ-మెయిల్‌లో సరిచెయ్యమనండి. ‘అర్హులు కారు’ అంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి.

ఫిర్యాదు అంటే తగవు కాదు

ఇక్కడి నుంచి వెళ్లినవాళ్లలో ‘ఫిర్యాదు చేస్తే ఉన్న సాయం కూడా పోతుందేమో’ అన్న భయం ఉంటుంది. ఫిర్యాదు అక్కడ చట్టం ఇచ్చిన దారి. ముందు కౌన్సిల్‌కే రాయాలి. మామూలుగా సంఘటన జరిగిన లేదా తెలిసిన 12 నెలల్లోపు. ఫిర్యాదు అందిందని మూడు పనిదినాల్లో కౌన్సిల్ తెలియజెయ్యాలి. జవాబు ఆరు నెలలు దాటకూడదు. దాటితే ఎందుకో చెప్పాలి.

జవాబు తృప్తిగా లేకపోతే ‘లోకల్ గవర్నమెంట్ అండ్ సోషల్ కేర్ అంబుడ్స్‌మన్’ను ఆశ్రయించొచ్చు. 1974 నాటి చట్టంతో మొదలైన వ్యవస్థ ఇది. ఒక్క పైసా కట్టక్కర్లేదు, వకీలు అక్కర్లేదు. అయితే అంబుడ్స్‌మన్ ఏం చూస్తారో తెలిసి ఉండాలి. ‘మాకు 20 గంటలు కావాలి, 14 ఇచ్చారు’ అంటే ఆ అంకెను వారు మార్చరు. నిర్ణయం తీసుకున్న పద్ధతిలో లోపం ఉందా, దానివల్ల అన్యాయం జరిగిందా అన్నది చూస్తారు. డైరీని పట్టించుకోలేదా? రాత్రి అవసరాన్ని అడగనే లేదా? కారణం చెప్పకుండా గంటలు కోశారా? అలాంటి లోపం తేలితే క్షమాపణ చెప్పమని, మళ్లీ అసెస్ చెయ్యమని, కొంత సొమ్ము ఇవ్వమని సిఫార్సు చేస్తారు. ఆ సిఫార్సులు కోర్టు ఉత్తర్వుల్లాంటివి కాకపోయినా కౌన్సిళ్లు దాదాపు ఎప్పుడూ పాటిస్తాయి.

కాబట్టి ఫిర్యాదులో కోపం కన్నా తేదీలు ముఖ్యం. ఏ రోజు ఏం చెప్పాం, కాగితంలో ఏం రాశారు, ఏం వదిలేశారు, దానివల్ల మనిషికి ఏమైంది, ఇప్పుడు ఏం కావాలి... ఈ అయిదూ ఒక పేజీలో ఉంటే చాలు.

ఒక జాగ్రత్త. ఇవన్నీ ప్రధానంగా అక్కడ స్థిరనివాసం ఉన్నవారికి. సందర్శక వీసా మీద వెళ్లిన తల్లిదండ్రులకు, ఇతర వీసాల మీద ఉన్నవారికి నిబంధనలు వేరు. అలాంటివారు ముందు ఇమిగ్రేషన్ సలహా తీసుకోవాలి.

మన ఇంట్లో మొదలుపెడదాం

మన దగ్గర ఇలా ఇంటికొచ్చి అంచనా వేసే బాధ్యత మున్సిపాలిటీకి గానీ పంచాయతీకి గానీ లేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 38వ సెక్షన్ మాత్రం 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారు ‘అధిక సహాయం కావాలి’ అని దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. దాన్ని అసెస్‌మెంట్ బోర్డు పరిశీలించాలి. వృద్ధుల సమస్యలకు 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

అయితే కాగితం మీద పెట్టే అలవాటుకు ఏ చట్టమూ అక్కర్లేదు. మా వార్డులోంచి పక్షవాతం రోగి ఇంటికెళ్లేటప్పుడు డిశ్చార్జి కాగితంలో మందులన్నీ ఉంటాయి. లేపేదెవరో, రాత్రి చూసేదెవరో ఉండదు. డిశ్చార్జికి ముందురోజే ఆ పది అంశాలూ తెల్లకాగితం మీద రాసుకుని డాక్టరును, నర్సును, ఫిజియోథెరపిస్టును అడగండి. ఎలా లేపాలో, ఎలా తిప్పి పడుకోబెట్టాలో మీ చేత చేయించి చూపించమనండి. ఒక్కో పని పక్కన దాన్ని చేసే మనిషి పేరు రాయండి. అన్ని గడుల్లోనూ ఒకే ఆడమనిషి పేరు పడిందా? ఆ ఇంట్లో రెండో రోగి తయారవుతున్నట్టే. కాగితాన్ని మధ్యలో పెట్టుకుని అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని పనులో, డబ్బో పంచుకోండి. మూణ్నెల్లకోసారి మళ్లీ చూసుకోండి.

ఇక మీ పెద్దవాళ్లు ‘ఫర్వాలేదు’ అన్నప్పుడు అక్కడితో ఆగిపోకండి. ‘రాత్రి ఎన్నిసార్లు లేచావమ్మా?’ అని ఇంకొక్క ప్రశ్న అడగండి.